ఆనపకాయకి అరబ్బీ మాట

మంగళవారం. పదిన్నర. ఖైతాన్‌లో ఒక పాత బిల్డింగు.
ఆఫీసు దుబాసీ కేరళ వెళ్లాడు, వాళ్లమ్మకి కాలు విరిగిందని.
"నీకు తెలుగు వచ్చుగా, పద" అన్నాడు మిషారీ సారు.
బండి తాళం జేబులో వేసుకుని
వెనకాలే వెళ్లాను.
లిఫ్టు పనిచెయ్యదని నాకు తెలుసు.
తెలుసని చెప్పలేదు.
సారుతో పాటు నేనూ బటను రెండుసార్లు నొక్కాను.

మూడో అంతస్తు. తలుపు బయట ఇరవై ఒక్క చెప్పులు,
ఒకదానికి జత లేదు.
గులాబీరంగువి, మడమ దగ్గర నేనే కుట్టినవి,
వాటిని దాటుకుని లోపలికెళ్లాను.

దీవెనమ్మ టీచరు లేచి నిలబడింది.
నన్ను చూసి, చూడనట్టు సారు వైపు తిరిగింది.
పిల్లలు చాపల మీద. గోడకి ఎక్కాల పట్టిక,
పక్కన చార్టులో పెద్ద చేప,
దాని కడుపులో మోకరించిన మనిషి.

అనుమతి ఏది, పాఠ్యక్రమం ఎవరు ఒప్పుకున్నారు,
దేవుడి పాఠానికి ఎవరి ముద్ర ఉంది?
నా అరబ్బీ బండిదీ కూరగాయలదీ.
కుడి, ఎడమ, ఆగు, ఎంత, తగ్గించు.
"ఏం చెప్తున్నావు, ఎవర్నడిగి చెప్తున్నావు అంటున్నాడమ్మా."
ఆవిడ ఐదు నిమిషాలు చెప్పింది.
ఇండియన్ స్కూలు ఫీజులు, ఆగిపోయిన జీతాలు,
తాళం వేసిన గదుల్లో పొద్దంతా ఫోను చూసే పిల్లలు,
వీళ్లకి కనీసం దేవుడి భయమన్నా ఉండాలి కదయ్యా అని.
"డబ్బుల్లేవంట సార్" అన్నాను.

సారు చెడ్డవాడు కాదు.
ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా ఏసీ చూసి
నిప్పంటుకుంటే ఎటు పోతారన్నాడు.
నేను అడగాల్సిన మాట. రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.
ఏలీషాని లేపాడు. పదకొండేళ్లవాడు,
కీర్తన ఎంత పొడుగుదైనా చూడకుండా చెప్తాడు.
నూట నలభై నాలుగుని పన్నెండుతో భాగించమంటే
గోడ వైపు చూశాడు.
గోడ మీద ఎక్కాలు పదితో ఆగిపోయాయి.

"ఇదెవరు?" చేప దగ్గర వేలు పెట్టాడు సారు.
"యోనా!" అన్నారు అందరూ.
"యూనుస్" అన్నాడు ఆయన, తనలో తను.
మరి ఈ తీగేంటన్నాడు.
నా కూతురు లేచింది.
"సొరచెట్టండి. ఆయనకి నీడనిచ్చింది. తెల్లారేసరికి పురుగు తినేసింది."
మా రాజోలు వైపు ఆనపపాదు అంటాం.
టీచరు పుస్తకం మాట నేర్పింది.
దీనికైతే నాకు అరబ్బీ వచ్చు,
ప్రతి గురువారం జమియాలో కొంటాను.
"ఖర" అన్నాను.
సారు నవ్వాడు, పళ్లు కనపడేలా.
"మాకూ ఉంది ఆ చెట్టు. పురుగే లేదు."
అని, పెన్ను తీసి
చార్టుని కూడా రాసుకున్నాడు, ఆమోదం లేని వాటి గడిలో.

"ఈ పాప చురుకైంది. వాళ్ల నాన్న ఏం చేస్తాడో అడుగు."
అడిగాను.
"మీ నాన్న ఏం చేస్తాడమ్మా?"
కెజియా నా బూట్లు చూసింది. పొద్దున తనే పాలిష్ పెట్టిన బూట్లు.
"డ్రైవరండి."
ఈ తొమ్మిదేళ్లలో నన్నెప్పుడూ అండి అనలేదు.
"ఎవరి దగ్గరంట?"
ఆ ప్రశ్న తెలుగులోకి రాలేదు.
"తెలీదంట సార్."

రెండు వారాలు గడువు. టీచరు సంతకం పెట్టింది.
దుబాసీ అన్న గీత మీద నా పేరు రాశాను,
ఇంటిపేరు వదిలేసి.

రాత్రి అన్నం దగ్గర కెజియా చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అడిగింది, ఆయనెందుకు నవ్వాడని.
"వాళ్ల కథలో పురుగు లేదంటమ్మా."
ముద్ద చేతిలోనే ఉండిపోయింది.
"అయితే ఆ చెట్టు ఏమైంది నాన్నా?"